ఉత్తుత్తి షాపు మేనేజర్

అన్నయ్య ఫోన్ చేసి షాపు దగ్గరికి చేరుకున్నానని చెప్పాడు. అతను చెప్పిన షాపు ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

"ఏ షాపు అన్నయ్యా?" అంది చిట్టి.

"ఏ షాపేంటే? పంపింది నువ్వేగా. చిన్నప్పుడు అమ్మ పంపేది, పెళ్లయ్యాక మీ వదిన పంపుతోంది, ఆఫీసులో నువ్వు. ఆడవాళ్లు పంపిన చోటికి వెళ్లడంతోనే నా బతుకు తెల్లారిపోయేలా ఉంది." నవ్వాడు అన్నయ్య. "మీ ఆఫీసు వెనక వీధి, రెండో మలుపు. ఫ్రీజర్ చల్లబడటం లేదట. ఆకుపచ్చ గోడలు, నాలుగు కౌంటర్లు. ఇంత దగ్గర షాపు పెట్టి నాకొక్క ముక్క చెప్పలేదేం?"

"షాపు నంబరెంత?"

"మూడు సున్నాలు."

చిట్టి చేతిలోని కప్పు బల్లమీద పెట్టింది. సరిగ్గా పెట్టలేదు. కాఫీ కీబోర్డు మీదికి పారింది.

ఊరూరా సూపర్‌మార్కెట్లున్న కంపెనీలో ఆమె ప్రాడక్ట్ మేనేజర్. ఆమె చూసుకునే సాఫ్ట్‌వేర్ పేరు 'పిలుపు'. ఏదైనా షాపులో బిల్లు కౌంటర్ మొరాయించినా, కార్డు మెషిన్ పలకకపోయినా, ఫ్రీజర్ వేడెక్కినా ఆ షాపు మేనేజర్ ఫోన్‌లో ఒక్క మీట నొక్కుతాడు. ఫిర్యాదు పుడుతుంది. పిలుపు దగ్గర్లో ఉన్న టెక్నీషియన్‌ని వెతికి, దారి చూపించి పంపుతుంది. అలా పరుగులు తీసేవాళ్లలో అన్నయ్య ఒకడు.

ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా ముందు పరీక్షించి చూడాలి. నిజం షాపుల మీద దొంగ ఫిర్యాదులు పెట్టలేరు కనుక కంప్యూటర్ లోపల మాత్రమే ఉండే షాపు ఒకటి సృష్టించుకున్నారు. మూడు సున్నాల షాపు. అందరూ దాన్ని ఉత్తుత్తి షాపు అనేవాళ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని వివరాలన్నీ చిట్టే నింపింది. అడ్రసు అడిగితే కిటికీలోంచి కనపడే వెనక వీధి రాసింది. గోడల రంగు అడిగితే నోటికొచ్చిన రంగు రాసింది. మేనేజర్ కూడా కావాలన్నారు. ఒక చాదస్తపు పెద్దమనిషిని కల్పించింది. అప్పటినుంచి టీమంతా ఆయన గొంతుతో ఫిర్యాదులు రాస్తూ సరదా పడ్డారు. 'దయచేసి త్వరగా రాగలరు' అని మొదలుపెట్టి ఆ షాపులో కరెంటు తీసేశారు, నీళ్లు ముంచారు, కప్పు కూల్చారు, ఒకే పూట పదిసార్లు నిప్పు పెట్టారు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు అన్నిటినీ ఒక్క దెబ్బకి మూసేసేవాళ్లు. ప్రతి ఫిర్యాదు పక్కనా 'పరిష్కరించబడింది' అని పడేది.

ఆ షాపుకి మాత్రం మనుషుల్ని పంపకుండా పిలుపుకి తాళం ఉంది.

"గడ్డం!" అని కేకేసింది చిట్టి.

పక్క బల్ల దగ్గర కోడ్ రాసే కుర్రాడు తలెత్తాడు. పెద్ద గడ్డం వల్ల ఆఫీసులో అతనికి అదే పేరు.

"సున్నా షాపు తాళం తీశావా?"

"నిన్న తీశానక్కా, కొత్త రూల్ పరీక్షించడానికి." గడ్డం ముఖంలో రంగు మారింది. "మళ్లీ వెయ్యడం మర్చిపోయినట్టున్నాను. అయినా పోయేదేముంది? దగ్గర్లో ఉన్నవాడికి ఉత్తుత్తి కబురు వెళ్తుంది. వచ్చి, షాపు లేదని తిట్టుకుని పోతాడు."

"అన్నయ్య లోపల ఉన్నాడు."

"దేని లోపల?"

చిట్టి ఫోన్ చెవికి ఆనించుకుంది. "అన్నయ్యా, ఫ్రీజర్ సంగతి వదిలెయ్. ఇప్పుడే బయటికి వచ్చెయ్."

"ఐదు నిమిషాల పనే. కంప్రెసర్ విప్పి..."

"చెప్పింది చెయ్యి!"

"సరే సరే, అరవకు." అడుగుల చప్పుడు వినిపించింది. అడుగులు ఆగాయి. "చిట్టీ, షట్టర్ దించేసి ఉంది. నేనొచ్చినప్పుడు తెరిచే ఉందే?"

"అక్కడ ఇంకెవరున్నారు?"

"మేనేజర్ గారొక్కరే. మహా మర్యాదస్తుడు. వచ్చినప్పటినుంచీ చేతులు కట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు." అన్నయ్య గొంతు తగ్గించాడు. "ఒకటి మాత్రం బాలేదే. అరల నిండా డబ్బాలున్నాయి. బియ్యం అని లేదు, సబ్బు అని లేదు. అన్నిటి మీదా ఒకటే రాత. సరుకు ఒకటి, సరుకు రెండు, సరుకు మూడు... ఇదేం కంపెనీ?"

ఆ పేర్లూ చిట్టి పెట్టినవే. మధ్యాహ్నం భోజనానికి టైమవుతోందని తొందరలో ఏదో ఒకటి కొట్టి పడేసింది.

గడ్డం అప్పటికే మెట్లవైపు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి రొప్పుతున్నాడు.

"మీ అన్నయ్యగారి స్కూటర్ ఉందక్కా. హెల్మెట్ అద్దానికి తగిలించి ఉంది. ఎదురుగా గోడ. ఉత్త గోడ. చెయ్యి పెట్టి చూశాను."

"చూసి?"

"ఎండలో ఉన్న గోడ అక్కా అది. ఫ్రీజర్ తలుపులా చల్లగా ఉంది."

ఫోన్‌లో అన్నయ్య ఎవరికో "తప్పకుండా సార్, మాట్లాడండి" అంటున్నాడు. ఫోన్ చేయి మారింది.

"నమస్కారమమ్మా," అంది ఒక గొంతు. నెమ్మదైన గొంతు, పెళ్లిచూపులకి వచ్చిన పెద్దమనిషిలా. "మీ గొంతు వినడం ఇదే మొదలు. మీ రాత మాత్రం నాకు బాగా అలవాటు."

వృత్తి అలవాటు కొద్దీ చిట్టి నోటినుంచి ప్రశ్న బయటికొచ్చింది. "మీ ఫ్రీజర్ బాగయిందాండీ?"

"భేషుగ్గా. మీ అన్నగారి చేతిలో ఏదో ఉంది."

"అయితే ఫిర్యాదు మూసెయ్యండి. ఆయన్ని పంపించెయ్యండి."

"ఎలా మూస్తానమ్మా? ఇదొక్కటేనా?" గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "నిప్పంటుకుందన్నాను. ఎవరూ రాలేదు. సాయంత్రానికి పరిష్కరించబడిందని వచ్చింది. చేతులు కాలి కూర్చున్నవాడికి ఆ మాట పంపారు. నడుం లోతు నీళ్లొచ్చాయన్నాను. పరిష్కరించబడిందన్నారు. కప్పు కూలిందన్నాను. ఇన్నేళ్లలో గడప తొక్కిన మొదటి మనిషి మీ అన్నగారే. పొద్దున మంచి రూల్ పెట్టారు, మీరు చల్లగా ఉండాలి."

రూల్ ఆమెదే. నిన్నటిదాకా ఫిర్యాదుని టెక్నీషియన్లే మూసేసేవాళ్లు. కొందరు టీ కొట్టు దగ్గర కూర్చుని, షాపు మొహం చూడకుండానే పని అయిపోయిందని నొక్కేవాళ్లు. షాపు మేనేజర్లు గగ్గోలు పెట్టారు. చిట్టి నెలల తరబడి పైవాళ్లతో పోట్లాడి ఒప్పించింది. ఫిర్యాదు చేసినవాడే దాన్ని మూయాలి. అతను మూసేదాకా టెక్నీషియన్ ఆ షాపుకి కట్టుబడి ఉండాలి. ఈ పొద్దుటినుంచే అమల్లోకి వచ్చింది.

"కనుక పాతవన్నీ మళ్లీ తెరిచి పెట్టానమ్మా," అంది గొంతు. "ఒక్కొక్కటే చేయించుకుంటాను. తొందరేముంది?"

ఫోన్ ఆగిపోయింది.

స్క్రీన్ మీద సున్నా షాపు ఫిర్యాదులు పైకి పాకుతున్నాయి. వందలు, వేలు. తొమ్మిది వేలు దాటి ఎక్కడో ఆగాయి. అన్నీ అన్నయ్య పేరు మీదే.

మళ్లీ ఫోన్ మోగింది. వదిన.

"చిట్టీ, మీ అన్నయ్య ఎక్కడున్నాడు? భోజనానికి వస్తానన్న మనిషి పత్తా లేడు. ఫోన్ ఎత్తాడు కానీ సరిగా మాట్లాడడే! వెనక ఎవరో వరసగా ఏదో అప్పచెబుతున్నట్టు వినిపిస్తోంది. ఫ్రీజర్, మూడో కౌంటర్, మళ్లీ ఫ్రీజర్ అని."

"పనిలో ఉన్నాడు వదినా. నేను చూసుకుంటాను."

"ఏం పని? 'అన్నం చల్లారిపోతోంది, వస్తున్నారా లేదా' అంటే 'అలాగే సార్' అన్నాడు. నన్ను సార్ అన్నాడు చిట్టీ. నేనెవరో తెలియనట్టు."

చిట్టి ఏదో సర్దిచెప్పి పెట్టేసి, పిలుపులో అన్నయ్య వివరాలు తెరిచింది. ఇంటి అడ్రసు ఉండాల్సిన చోట వెనక వీధి, రెండో మలుపు అని ఉంది. వదిన ఫోన్ నంబరు ఉండాల్సిన గడి ఖాళీ. అన్నయ్య పేరు ఇంకా ఉంది. ఆమె చూస్తుండగానే ఆ అక్షరాలు ఒకసారి మసకబారి, మళ్లీ తేరుకున్నాయి. మరోసారి మసకబారాయి. ఈసారి తేరుకోలేదు. ఆ చోట 'టెక్నీషియన్ ఒకటి' అని పడింది.

"అక్కా, షాపునే లేపేద్దాం," అన్నాడు గడ్డం. అతని వేలు మీట మీదే ఉంది. "ఒక్క నొక్కు. సున్నా షాపే ఉండదు, ఫిర్యాదులూ ఉండవు, ఆ ముసలాడూ ఉండడు."

చిట్టి అతని మణికట్టు పట్టుకుంది. "లోపలున్నవాళ్లు?"

గడ్డం కాలే పెనం మీంచి తీసినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్లో దాచుకున్నాడు.

చిట్టి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద వీధిలో అన్నయ్య స్కూటర్ గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఆమె తిరిగిన షాపులకి లెక్క లేదు. ప్రతి మేనేజర్‌నీ కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగేది, మీకు అసలు ఏం కావాలి అని. ఆమె తినే తిండి ఆ ప్రశ్నదే. ఈ ఒక్క మేనేజర్‌ని ఎప్పుడూ అడగలేదు. అడగాలని ఎవరికి తోస్తుంది?

అన్నయ్య నంబరుకి ఫోన్ చేసింది. ఆ గొంతే పలికింది.

"మీకు అసలు ఏం కావాలండీ?"

అవతల దూరంగా స్పానర్ ఇనుముకి తగులుతున్న చప్పుడు. ఆగకుండా, ఒకే వరసలో.

"షాపు తెరవాలమ్మా," అన్నాడాయన. "నాలుగు కౌంటర్లిచ్చారు. అరల నిండా సరుకిచ్చారు. కొనేవాళ్లనే ఇవ్వలేదు. పొద్దున లేచి గల్లా ముందు నిలబడతాను. మీరు పంపిన నిప్పు వస్తుంది, మీరు పంపిన నీళ్లు వస్తాయి. మనిషి రాడు."

"తెరిస్తే మా అన్నయ్యని వదిలేస్తారా?"

"తెరిచిన షాపులో మనుషుల్ని ఎవరు పట్టి ఉంచుతారు? ఆ క్షణమే ఫిర్యాదులన్నిటి మీదా ఆయన పేరు కొట్టేస్తాను. మాట తప్పే అలవాటు మీరు నాకు పెట్టలేదమ్మా."

సున్నా షాపు పక్కన 'పరీక్ష కోసం' అని ఉంది. దాన్ని మారిస్తే 'తెరిచి ఉంది' అవుతుంది. చిట్టి మౌస్ అక్కడికి తీసుకెళ్లింది.

"అక్కా, అది నొక్కితే కస్టమర్ల యాప్‌లోకి ఎక్కేస్తుంది. కొత్త షాపు, మీ దగ్గర్లోనే అని అందరికీ మెసేజ్ వెళ్తుంది. జనం..."

"తెలుసు."

"తెలిసి కూడా?"

"మా అన్నయ్యరా లోపలున్నది," అని నొక్కేసింది.

కాసేపటికి అన్నయ్య తన కాళ్ల మీదే నడుచుకుంటూ ఆఫీసుకి వచ్చాడు. కుర్చీలో కూలబడి నీళ్లు తాగాడు, మళ్లీ తాగాడు. చిట్టి అతని చెయ్యి పట్టుకుంది. ఐసుగడ్డలా ఉంది. వేళ్ల చివర్లు అరిగి నున్నగా అయిపోయాయి.

"నా పేరు చెప్పు," అన్నాడు.

చెప్పింది. అతను దాన్ని పెదాల మీద ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు, కొత్త అడ్రసు గుర్తుపెట్టుకుంటున్నట్టు.

"ఎన్నాళ్లున్నానే అక్కడ?"

"గంట కూడా కాలేదు అన్నయ్యా."

"ఒక్క ఫ్రీజరే. విప్పి బిగిస్తాను. మళ్లీ పాడవుతుంది. మళ్లీ విప్పుతాను. మీ వదిన ముఖం గుర్తు తెచ్చుకుందామంటే అదీ ఆకుపచ్చ గోడే అయిపోయింది." గట్టిగా కళ్లు మూసుకుని తెరిచాడు. "నేను బయటికి వస్తుంటే జనం ఎదురొచ్చారే. సంచి పట్టుకుని ఒక ముసలాయన. చంకలో పిల్లతో ఒకావిడ. తప్పుకోండి, వెళ్లకండి అన్నాను. పిచ్చోణ్ణి చూసినట్టు చూసి లోపలికి పోయారు."

చిట్టి మార్కెటింగ్ వాళ్లకి ఫోన్ చేసి ఆ షాపుని యాప్‌లోంచి తీయించింది. కొత్తగా వెళ్లేవాళ్లు ఆగిపోయారు. వెళ్లినవాళ్లు మాత్రం వెళ్లిపోయారు. ప్రతి షాపు గుమ్మం దగ్గరా వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ లెక్కపెట్టే యంత్రం ఉంటుంది. సున్నా షాపు లెక్క స్క్రీన్ మీద కదలకుండా నిలబడింది. లోపలికి వెళ్లినవాళ్లు పదకొండు మంది. బయటికి వచ్చినవాళ్లు లేరు. ఒక్క బిల్లు కూడా పడలేదు.

మేనేజర్‌కి ఫోన్ చేసింది. "జనాన్ని వదలండి. మాటిచ్చారుగా!"

"మీ అన్నగారిని పంపించాను. వీళ్లని నేనెందుకు పట్టుకుంటానమ్మా? బిల్లు వెయ్యకుండా ఎవరైనా సరుకు తీసుకుని గడప దాటతారా? కౌంటర్లు పనిచెయ్యడం లేదు. ఎన్నిసార్లు మొరపెట్టుకున్నానో మీకే తెలుసు."

ఇప్పుడు షాపు మూసేస్తే పదకొండు మందీ గోడలో ఉండిపోతారు. తెరిచి ఉంచితే కాసేపటికి పేర్లు పోతాయి. చిట్టి కీబోర్డు ముందుకు లాక్కుంది. ఇన్నేళ్లలో ఆ షాపు మీద మొదటి నిజమైన ఫిర్యాదు తన పేరుతోనే రాసింది. 'పదకొండు మంది లోపల ఉన్నారు. బయటికి రాలేకపోతున్నారు.'

పిలుపు ఒక్క క్షణం వెతికింది. ఆ షాపు దారి తెలిసిన టెక్నీషియన్ ఒక్కడే ఉన్నాడు.

అన్నయ్య జేబులో ఫోన్ గుర్రుమంది. తీసి చూసుకున్నాడు. కాసేపు అలాగే చూసి, కుర్చీ చేతుల మీద బరువు ఆన్చి లేవబోయాడు.

"కూర్చో," అంది చిట్టి.

"ఆ పిల్ల ఏడాది పిల్ల కూడా కాదే."

"కూర్చోమన్నానా? ఈసారి కాలు కదిపితే వదినతో చెబుతాను." ఫోన్ లాక్కుని, అతని పేరు తీసేసి, వెళ్లాల్సినవాళ్ల గడిలో తన పేరు రాసింది.

"నీకు స్పానర్ పట్టుకోవడం కూడా రాదే! ఇంట్లో ఫ్యూజ్ పోతే నాకు ఫోన్ చేసే మొహం!"

"నేర్చుకుంటాను." అతని పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుంది. ఒక పక్కకి ఒరిగిపోయేంత బరువుంది. "గడ్డం, నేను వచ్చేదాకా ఆ షాపు మీద ఏ మీటా ముట్టుకోకు. ఎవరు చెప్పినా సరే. డైరెక్టర్ వచ్చి నెత్తిన కూర్చున్నా సరే."

"ఎప్పటిదాకా అక్కా?"

"వచ్చేదాకా అన్నానుగా. ముందు అన్నయ్యని ఇంటి దగ్గర దింపు. అన్నం తినిపించమని వదినకి చెప్పు."

అన్నయ్య ఆమె సంచి పట్టీ పట్టుకుని వదల్లేదు. చిట్టి అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

వెనక వీధిలో ఎండ మండిపోతోంది. రెండో మలుపు తిరిగితే గోడ లేదు. షాపుంది. నిజం గోడలకి ఎవరూ వెయ్యని ఆకుపచ్చ. గాజు తలుపు దానంతటదే పక్కకి జరిగింది, లోపలినుంచి చల్లగాలి వచ్చి ముఖాన్ని తాకింది.

మూడో కౌంటర్ ముందు వరస కట్టి నిలబడ్డారు పదకొండు మందీ. తోసుకోవడం లేదు, విసుక్కోవడం లేదు. చంకలో పిల్ల కూడా ఏడవడం లేదు. ఆ పిల్ల గౌను మీద పువ్వులున్నట్టున్నాయి, చూస్తుండగానే ఒక్కొక్కటి చెరిగిపోతున్నాయి. వరసలో అందరికంటే ముందున్న ముసలాయన సంచిలో సరుకు రెండు, సరుకు తొమ్మిది.

"అయ్యా, మీ పేరేంటి?" అని అడిగింది చిట్టి.

ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు. "కొనుగోలుదారు..." అని ఆగిపోయాడు.

"రండమ్మా," అంది వెనకనుంచి ఆ గొంతు.

మేనేజర్ ముఖం ఎలా ఉంటుందో చిట్టి ఎప్పుడూ రాయలేదు. అక్కడ ఏమీ ఉండదేమోనని పైకి చూడలేదు. ఆయన చేతులు మాత్రం కనిపించాయి. ఒకదాని మీద ఒకటి మర్యాదగా పెట్టుకున్న చేతులు, మణికట్టు దాకా కాలిన మచ్చలు.

ఆమె సంచి కింద పెట్టి, నేలమీద మోకాళ్లు ఆన్చింది.

"చెప్పండి. అన్నిటికంటే ముందు పాడైంది ఏది?"

"ఈ కౌంటరే. మీరు ఉద్యోగంలో చేరిన వారం. తీగ ఊడిపోయిందని నాచేత రాయించారు."

కౌంటర్ కింద చీకట్లో చెయ్యి పెట్టి తడిమింది. ఊడిన తీగ వేళ్లకి తగిలింది. దాన్ని ఎక్కడ గుచ్చాలో తెలియక రెండు చోట్ల తప్పుగా గుచ్చింది. మూడోసారి చిన్న శబ్దంతో బిగుసుకుంది. పైన తెర వెలిగింది.

"బాగయిందాండీ?" అంది. ఈ మాట ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ ఇలా ఎదురుగా అడగలేదు.

ఆ చేతులు కొంచెంసేపు కదల్లేదు. తర్వాత ఒక వేలు ఫోన్ మీద మెల్లగా ఆని ఆ ఫిర్యాదుని మూసేసింది. "బాగయిందమ్మా."

బిల్లు కాగితం గరగరమంటూ బయటికొచ్చింది. ముసలాయన దాన్ని చేతిలోకి తీసుకుని ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. తన పేరు తనే గట్టిగా పలుక్కుంటూ, గాజు తలుపు దాటి ఎండలోకి వెళ్లిపోయాడు. వరస ఒక్క అడుగు ముందుకు జరిగింది. కౌంటర్ తెర టక్కున మళ్లీ ఆరిపోయింది.

ఇప్పుడు ముందు నిలబడింది చంకలో పిల్లతో ఉన్నావిడ. ఆమె వెనక ఉన్నవాళ్లని ఒక్క చూపులో లెక్కపెట్టెయ్యొచ్చు. ఫిర్యాదులు మాత్రం తొమ్మిది వేలు. ఈ వరస అయిపోయాక కూడా మిగిలేవి చాలానే ఉంటాయి, వాటికి తను తప్ప ఎవరూ ఉండరు, అన్నీ మూసేదాకా తన రూలే తనని బయటికి పోనివ్వదు. ఆ లెక్క చిట్టికి ఇక్కడికి వచ్చేముందే తెలుసు.

ఆమె స్పానర్ చేతిలోకి తీసుకుంది. ఎటునుంచి పట్టుకోవాలో ఒకసారి తిప్పి చూసుకుంది.

"తర్వాతదేంటండీ?" అని అడిగింది.